తుప్పు పట్టి బిగుసుకున్న పెడళ్లు: పాత క్రాంకు చెడకుండా ఊడదీయడం ఎలా?

సుధ, బీసెంట్ నగర్ · శనివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న రెండు సైకిళ్లను బాగు చేయాలని కూర్చున్నాను. రెండింటి పెడళ్లూ క్రాంకును (పెడలు బిగించే కడ్డీని) వదలడం లేదు.

మొదటిది మా మేనమామ నడిపిన నల్ల రోడ్‌స్టర్. కడ్డీ బ్రేకులు, ఇనుప క్రాంకులు, వాటిని నడిమి ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు. ఆయన ఇల్లు చెన్నైలోని వేళచ్చేరిలో. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు అక్కడ వరద వచ్చినప్పుడు ఇది సీటు దాకా నీళ్లలో నిలబడింది. రెండోది మా తమ్ముడి గేర్ల సైకిలు, అల్యూమినియం క్రాంకులది. సముద్రపు గాలి నేరుగా తగిలే వసారాలో ఏళ్లుగా ఉండిపోయింది.

రోడ్‌స్టర్ పెడళ్ల రబ్బరు దిమ్మెలు చివికిపోయాయి, లోపల బేరింగు గుళ్లు గరగరమంటున్నాయి. పెడళ్లు మార్చక తప్పదు. మా వీధి మెకానిక్కు చూసి, క్రాంకులు కోసేసి కొత్త సెట్టు వేస్తానన్నాడు. నాకు అది ఇష్టం లేదు. కుడి క్రాంకూ పళ్ల చక్రమూ కలిపి ఒకే ముక్క. ఆ చక్రంలో కంపెనీ పేరును అక్షరాలుగా కోసి చేశారు. క్రాంకు పోతే చక్రమూ పోతుంది, అలాంటిది ఇప్పుడు కొత్తగా కొనలేం.

15 నంబరు స్పానరు రోడ్‌స్టర్ పెడలు మీద కొద్దిగా ఆడుతోంది, గట్టిగా లాగితే జారుతోంది. గేర్ల సైకిలుకు సరిగ్గా కూర్చుంటోంది కానీ పెడలు కదలదు. ఏం చేయమంటారు?

చక్రి, పెరంబూరు · 7:42

సుధ గారూ, ముందుగా దిశ సరిచూసుకోండి. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు ఎడమ మర. కుడిది గడియారానికి ఎదురు దిశలో ఊడుతుంది, ఎడమది గడియారం తిరిగే దిశలోనే ఊడుతుంది. ఇది తెలియక ఎడమ పెడలును ఇంకా బిగించేసినవాళ్లను చాలామందిని చూశాను. ఆ తరువాత నెపం తుప్పు మీద పడుతుంది.

కుడి ఎడమల గందరగోళం లేకుండా గుర్తుంచుకునే పద్ధతి ఉంది. స్పానరు పిడిని నిట్టనిలువుగా పైకి ఉంచి వెనక చక్రం వైపు లాగండి. ఏ పెడలైనా అలాగే వదులవుతుంది. క్రాంకు లోపలి వైపు నుంచి అలెన్ కీ పెట్టినా సరే, పిడి పైకి ఉంటే వెనక్కే లాగాలి.

బలం బాగా పడాలంటే క్రాంకును ముందుకు, నేలకు సమాంతరంగా పెట్టి, స్పానరును క్రాంకు వెంటే వెనక్కి వాల్చి, దాని కొసను కిందికి నొక్కండి. ఎవరినైనా వెనక బ్రేకు పట్టుకొని సీటు మీద బరువు వేయమనండి. గేర్ల సైకిలుకైతే గొలుసును ముందున్న పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కించాకే మొదలుపెట్టండి. స్పానరు ఒక్కసారిగా వదిలితే చెయ్యి నేరుగా ఆ పళ్ల మీదికే పోతుంది.

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 8:25

స్పానరు ఆడుతోందన్నారు, అక్కడే ఆగండి. ఇక ఆ స్పానరుతో లాగవద్దు. పెడలు ఇరుసు మీద స్పానరు పట్టే రెండు చదును ముఖాలే మీకున్న ఆస్తి. అవి గుండ్రమైతే పని పదింతలు కష్టం.

మన రోడ్‌స్టర్లు ఇంగ్లీషు నమూనాలు. 1949లో మురుగప్ప వారు ఇంగ్లాండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి ఇక్కడ మా అంబత్తూరులో పెట్టిన టీఐ సైకిల్స్ కూడా ఆ కొలతలతోనే మొదలైంది. అందుకని పాత పెడళ్లలో కొన్నింటి ముఖాలు 15 మిల్లీమీటర్లు ఉండవు, 9/16 అంగుళం ఉంటాయి, అంటే దాదాపు 14.3 మిల్లీమీటర్లు. 15 స్పానరులో అది ఆడుతుంది, 14లో దూరదు. మంచి ఉక్కుతో చేసిన 14 నంబరు స్పానరు ఒకటి తీసుకొని దాని నోటిని ఆకురాయితో కొంచెం కొంచెంగా రాయండి. బిగుతుగా, చేత్తో నొక్కితే దూరేటట్టు రావాలి. స్క్రూ తిప్పి నోరు పెంచే స్పానరు ఈ పనికి వద్దే వద్దు.

పెడలు మర కొలత కూడా 9/16 అంగుళమే, అంగుళానికి 20 మరలు. దుకాణంలో అడిగేటప్పుడు స్పానరు కొలతో, మర కొలతో స్పష్టంగా చెప్పండి.

తరువాత నూనె. వైరు బ్రష్షుతో రెండు వైపులా తుప్పు దులపండి. క్రాంకు లోపలి ముఖంలో ఇరుసు కొస కనిపిస్తుంది, చాలామంది ఆ వైపు నూనె వేయడం మరిచిపోతారు. సైకిలును పక్కకు పడుకోబెట్టి, లోపలి ముఖం పైకి ఉండేలా చేసి, ఇరుసు చుట్టూ పెనెట్రేటింగ్ ఆయిలు నిలిచేలా వేయండి. డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉంటే అదైనా వాడండి, అయితే 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీది తేమను తోసేయడానికి. బిగుసుకున్న మరలకు ప్రత్యేకంగా చేసిన నూనెలు ఇంకా బాగా పాకుతాయి. కార్ల గేరుబాక్సులో వాడే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ చెరిసగం కలిపినదీ బాగా పని చేస్తుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కలిపేచోట దీపం కూడా ఉండకూడదు.

నూనె వేశాక క్రాంకు కన్ను మీద, అంటే పెడలు దిగే రంధ్రం ఉన్న కొస మీద, చిన్న సుత్తితో చుట్టూ తట్టండి. ఎదురుగా బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి, లేకపోతే దెబ్బ బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల నడిమి ఇరుసు తిరిగే గూడు) గుళ్లకు తగులుతుంది. ఆ అదురుకే తుప్పు పొర చిట్లి నూనె లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేయండి, పొద్దున మళ్లీ నూనె వేయండి. తొందరపడవద్దు.

ప్రసాద్, తాంబరం · 9:05

ఇంత అవసరమా అండీ? స్పానరుకు మూడు అడుగుల జీఐ పైపు తొడిగి మనిషి దాని మీద నిలబడితే ఏ పెడలైనా వస్తుంది. నేను అలా తీసినవి చాలా ఉన్నాయి.

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 9:40

ప్రసాద్ గారూ, మీరు తీసిన పెడళ్లు ఏ స్థితిలో ఉన్నవో నాకు తెలియదు. ముఖాలు పదునుగా ఉండి, స్పానరు బిగుతుగా కూర్చున్నప్పుడు పైపు వాడటంలో తప్పు లేదు. సుధ గారి రోడ్‌స్టర్ విషయంలో ఆ రెండూ లేవు.

ఒకసారి లెక్క చూడండి. పెడలు బిగించవలసింది 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. ఒక అడుగు పొడవున్న స్పానరు కొస మీద పన్నెండు, పదమూడు కిలోల బలం పెడితే చాలు. మీటరు దూరంలో యాభై కిలోల బరువు వేస్తే 490 న్యూటన్ మీటర్లు, అంటే పన్నెండింతలకు పైన. ఆ బలమంతా నాలుగైదు మిల్లీమీటర్ల మందం కూడా లేని రెండు చదును ముఖాల మీద పడుతుంది. అక్కడ లొంగేది తుప్పో, స్పానరు నోరో, ఇరుసు ముఖమో ముందుగా చెప్పలేం. పైగా సైకిలు కదలకుండా పట్టేది ఏమిటి? పైపు మీద మనిషి, కింద వంగే ఫ్రేము.

నిలకడగా లాగే బలం కన్నా దెబ్బ మేలు. స్పానరును చేత్తో బిగించి లాగి పట్టుకొని, దాని కొస మీద సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా వేయండి. అంతకు ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించే దిశలో కూడా కదిపి చూడండి. తుప్పు ఏ దిశలో విరిగినా విరిగినట్టే.

వాణి, అడయార్ · 11:15

నేను కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను, సైకిలు నా రోజువారీ వాహనం. సుధ గారి రెండు సైకిళ్ల జబ్బులు వేర్వేరు. అందుకని మందూ వేరే.

రోడ్‌స్టర్‌లో ఇనుములో ఇనుము. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఉన్న సన్నటి సందులో ఆ తుప్పు ఉబ్బి, రెండు ముఖాలనూ ఒత్తి పట్టుకుంటుంది.

గేర్ల సైకిలులో అల్యూమినియం క్రాంకు, ఉక్కు ఇరుసు. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ, మధ్యలో ఉప్పు తేమ ఉంటే అది ఒక చిన్న బ్యాటరీయే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. బీసెంట్ నగర్‌లో, తిరువాన్మియూరులో సముద్రపు గాలి ఆ ఉప్పు తేమను ఏడాది పొడవునా అందిస్తుంది. ఇరుసు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అది అల్యూమినియం తుప్పు. అంటే క్రాంకు మరలే తినబడుతున్నాయన్నమాట. ఇక్కడ మొరటు బలం పెడితే ఇరుసుతో పాటు మరలూ ఊడి వస్తాయి.

అయితే అల్యూమినియంకు ఒక సౌకర్యం ఉంది. వేడికి అది ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఒక డిగ్రీకి మీటరు పొడవులో అల్యూమినియం దాదాపు 23 మైక్రాన్లు పెరిగితే ఉక్కు 12 పెరుగుతుంది. రెండూ ఒకేసారి వేడెక్కినా రంధ్రమే ఎక్కువ పెద్దదవుతుంది. 14.3 మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర 70 డిగ్రీలు పెరిగితే వచ్చే తేడా మిల్లీమీటరులో నూరో వంతు. కంటికి ఆనదు, కానీ పొడిబారిన ఆ తెల్ల పొర పగలడానికి అది సరిపోతుంది. కాబట్టి కెటిల్‌లో నీళ్లు మరిగించి, క్రాంకు కన్ను మీద ధారగా పోసి, వెంటనే స్పానరు పెట్టండి. నీళ్లు వంద డిగ్రీలు దాటవు కనుక క్రాంకుకు ఏమీ కాదు. వేడినీళ్లు కాలి మీద పడకుండా చూసుకోండి, అంతే.

ఇమ్రాన్, ట్రిప్లికేన్ · 12:30

వేడి సంగతి వచ్చింది కనుక అడుగుతున్నాను. మా వీధిలో గ్యాస్ వెల్డింగ్ చేసే ఆయన ఉన్నారు. మంట పెడితే నిమిషంలో అయిపోదా?

వాణి, అడయార్ · 1:05

అల్యూమినియం మీద మంట వద్దు, ఇమ్రాన్ గారూ. క్రాంకుల అల్యూమినియంను వేడితో ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. దాదాపు 200 డిగ్రీలు దాటితే ఆ గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. ఇనుములాగా అది ఎర్రబడి హెచ్చరించదు, పైకి ఏ మార్పూ కనిపించదు. మెత్తబడిన క్రాంకు తరువాత ఎప్పుడో నిలబడి తొక్కుతున్నప్పుడు విరుగుతుంది. కార్బన్ క్రాంకుల దగ్గరికైతే ఏ వేడినీ తీసుకుపోకూడదు.

ఇనుప క్రాంకుకు మంట పెట్టవచ్చు, కానీ నూనె, అసిటోన్ పూర్తిగా తుడిచి ఆరాక మాత్రమే. బ్రేకులు కడిగే స్ప్రే వాడి ఉంటే అసలే వద్దు. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి, మంట తగిలితే విషవాయువు పుడుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగా ప్రాణాలు తీసే సంగతి.

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 1:50

వాణి గారి మాటకు ఒక్కటి జోడిస్తాను. ఇనుప క్రాంకులో ఇరుసూ క్రాంకూ ఒకే తీరుగా పెరుగుతాయి కనుక రెండింటినీ కలిపి కాల్చితే లాభం తక్కువ. కన్ను చుట్టూ మాత్రమే చురుగ్గా కాల్చాలి, ఇరుసు చల్లగా ఉండగానే తిప్పాలి. క్రాంకు మీది క్రోమియం పూత నీలంగా మారుతుంది. అది చూడముచ్చటగా ఉన్న సైకిలైతే మంటను చివరి దాకా ఆపండి.

సుధ, బీసెంట్ నగర్ · ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ ధన్యవాదాలు. 14 స్పానరు నోరు రాసి పెట్టాను, చక్కగా పట్టింది. మేస్త్రి గారు చెప్పినట్టు నూనె వేసి, తట్టి, రాత్రంతా ఉంచాను. రోడ్‌స్టర్ కుడి పెడలు సుత్తి దెబ్బకు కిర్రుమని కదిలింది, తరువాత చేత్తోనే ఊడింది. పళ్ల చక్రం భద్రం!

ఎడమది మాత్రం కదలలేదు. దాని ముఖాల్లో ఒకటి నా చేతికి రాకముందే సగం అరిగి ఉంది, ఎవరో తప్పు దిశలో లాగినట్టున్నారు. గేర్ల సైకిలుకు వేడినీళ్లు పోస్తే కుడిది వచ్చింది, ఎడమది రాలేదు. ఎడమ ఇరుసు చుట్టూ వాణి గారు చెప్పిన తెల్ల పొడి చాలా ఉంది.

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 6:45

ఇక సైకిలు మీద ఉండగా ప్రయత్నించడం మానేయండి. రెండు ఎడమ క్రాంకులనూ విప్పి బల్ల మీదికి తీసుకురండి. ఇప్పుడు చెప్పేది ఈ మొత్తం పనికి ప్రాణం, అందుకని వివరంగా రాస్తున్నాను.

ఇప్పటిదాకా మనం ఏం చేస్తున్నాం? క్రాంకును పట్టుకొని ఇరుసును తిప్పాలని చూస్తున్నాం. ఇరుసు ముఖాలు సన్నవి, స్పానరు నోరు సన్నది, సైకిలు ఊగుతుంది. దాన్ని తిరగేయండి. ఇరుసును బెంచి వైసులో బిగించి, క్రాంకును తిప్పండి. క్రాంకే అర అడుగుకు పైగా పొడవున్న పిడి. వైసు దవడలు ఇరుసు ముఖాలను పూర్తిగా, రెండు వైపుల నుంచీ సమానంగా పడతాయి. జారే సందు ఉండదు. స్పానరుకు లొంగని పెడళ్లు చాలావరకు ఇలా వస్తాయి.

రోడ్‌స్టర్ క్రాంకు విప్పడానికి కాటర్ పిన్ను తీయాలి. నట్టును పూర్తిగా విప్పేయకండి, దాని పైభాగం పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి ఆపండి. దెబ్బ తగిలేటప్పుడు పిన్ను మరలను ఆ నట్టే కాపాడుతుంది. క్రాంకు కింద, పిన్ను తల దిగడానికి చోటు వదిలి, ఒక ఇనుప పైపును నేల మీద నిలబెట్టి ఆనించండి. పైన ఇత్తడి ముక్క పెట్టి, బరువైన సుత్తితో ఒక్క దెబ్బ నిండుగా వేయండి. చిన్న చిన్న దెబ్బలకు పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, అప్పుడు తొలిచి తీయడమే గతి. కొత్త కాటర్లు ముందే కొని ఉంచుకోండి, పాతవి మళ్లీ వాడవద్దు.

గేర్ల సైకిలు క్రాంకు చదరపు నడిమి ఇరుసు మీద ఉండేదైతే 14 నంబరు సాకెట్టుతో బోల్టు తీసి, క్రాంకును ఇరుసు మీంచి లాగే క్రాంక్ పుల్లరు బిగించాలి. పుల్లరును మర నిండా ఎక్కించాకే తిప్పండి. సగం ఎక్కించి తిప్పితే క్రాంకు మరలు ఊడిపోతాయి.

క్రాంకు చేతికి వచ్చాక పెడలును ఇరుసు మాత్రమే మిగిలేదాకా విప్పేయండి. బయటి వైపు దుమ్ము మూత, దాని కింద లాక్ నట్టు, ఒక పంటి వాషరు, కోను, గుళ్లు. అవి తీస్తే పెడలు ఒళ్లు మొత్తం జారి వచ్చేస్తుంది. ఎలాగూ పారేసే పెడలే కనుక కోసి తీసినా నష్టం లేదు. క్రాంకును కాపాడటం కోసం పెడలును బలి ఇవ్వడం న్యాయమే.

ఇప్పుడు ఇరుసు ముఖాలను వైసులో బిగించండి, క్రాంకు పైన, దాని లోపలి ముఖం ఆకాశం వైపు ఉండాలి. ఇరుసు ఒక బోల్టు, క్రాంకు దాని మీది నట్టు అనుకుంటే దిశ తేలికగా అర్థమవుతుంది. పైనుంచి చూస్తే కుడి క్రాంకు గడియారానికి ఎదురుగా ఊడుతుంది, ఎడమ క్రాంకు గడియారం వైపే ఊడుతుంది. మీ దగ్గరున్న రెండూ ఎడమవే, కాబట్టి రెండూ గడియారం వైపే తిప్పాలి. అరిగిన ముఖం సంగతి బెంగ పడకండి. ఇరుసు మొదట్లో ఉన్న దళసరి భాగాన్ని ఆకురాయితో రెండు వైపులా చదును చేసి కొత్త ముఖాలు పుట్టించవచ్చు.

వైసు పెద్దదై ఉండాలి, బల్లకు గట్టిగా బిగించి ఉండాలి. ఇంట్లో లేకపోతే గిండీ ఎస్టేటులోనో మా అంబత్తూరు ఎస్టేటులోనో ఏ లేత్ షాపులోనైనా ఉంటుంది. వాళ్ల పని మధ్యలో పావుగంట అడగండి, కాదనరు.

లలిత, విల్లివాక్కం · 8:10

మధ్యలో ఒక ప్రశ్న. మా పాప సైకిలుకు రెండు క్రాంకులూ కలిపి ఒకే వంచిన కడ్డీ. దానికీ ఇదే కొలతా? ఇంకొకటి, ఎడమ పెడలుకు ఎడమ మర అసలు ఎందుకు పెట్టారు?

చక్రి, పెరంబూరు · 8:55

లలిత గారూ, ఒకే కడ్డీ క్రాంకులకు మర చిన్నది, 1/2 అంగుళం. అంగుళానికి 20 మరలే. ఎడమ కుడి నియమం మాత్రం మారదు. పెద్ద సైకిలు పెడలు దానికి పట్టదు.

ఎడమ మర ఎందుకంటే, కాలి బరువు ఎప్పుడూ కిందికే ఉంటుంది, క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది. క్రాంకు వైపు నుంచి చూస్తే ఆ బరువు ఇరుసు చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టే. మర ఎంత బిగుతుగా ఉన్నా కాస్త సందు ఉంటుంది, ఇరుసు ఆ రంధ్రం గోడ వెంట దొర్లుతూ వ్యతిరేక దిశలో అణువణువు తిరుగుతుంది. గుప్పిట్లో పెన్సిలును వదులుగా పట్టుకొని దాని కొసను గుండ్రంగా తిప్పండి, పెన్సిలు ఎదురు దిశలో తిరగడం చేతికే తెలుస్తుంది. ఆ తిరుగుడు పెడలును బిగించేలా ఉండాలంటే ఎడమ వైపు ఎడమ మర కావాలి.

గుళ్ల ఒరిపిడి దీనికి వ్యతిరేకంగా, ఊడదీసే దిశలో పని చేస్తుంది, కానీ చాలా బలహీనం. గుళ్లు పూర్తిగా పట్టేసిన పెడలులో మాత్రం ఆ ఒరిపిడి గెలుస్తుంది, అప్పుడు ఇరుసు తానే ఊడి బయటికి వస్తుంది. గరగరమనే పెడలును అలాగే తొక్కకూడదని నేను చెప్పేది అందుకే. కాలి చీలమండ పోతుంది.

భాస్కర్, మైలాపూర్ · సోమవారం, ఉదయం 6:50

పుదుచ్చేరిలో పాత సైకిళ్లు కొనేవాళ్లు ఒకటి గమనించాలి. పాత ఫ్రెంచి సైకిళ్ల క్రాంకుల మర 14 మిల్లీమీటర్లు, మర మర మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. మన 9/16 మర దూరం 1.27. తేడా ఎంత తక్కువంటే మన పెడలు అందులో రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, ఆ తరువాత బిగిసి ఆగిపోతుంది. దాన్ని తుప్పు అనుకొని నూనెలు పోయడం వృథా. ఇరుసు కొసన ఎడమ కుడి గుర్తులుగా ఎల్, ఆర్ బదులు జీ, డీ అక్షరాలుంటే అది ఫ్రెంచి పెడలు.

సుధ, బీసెంట్ నగర్ · గురువారం, రాత్రి 9:15

రెండూ వచ్చాయి!

గిండీ ఎస్టేటులో ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన సగం మాట వినగానే వైసు ఖాళీ చేసి ఇచ్చారు. రోడ్‌స్టర్ ఇరుసుకు కొత్త ముఖాలు రాసి బిగించి, క్రాంకు కొస పట్టుకొని గడియారం వైపు తిప్పితే మొదట ఏమీ కాలేదు. నూనె వేసి, కన్ను మీద చుట్టూ తట్టి మళ్లీ తిప్పితే టప్పుమని వదిలింది. మరలు నల్లగా ఉన్నాయి కానీ చెక్కుచెదరలేదు. ఆ ఇనుము నాణ్యత చూసి షాపులో వాళ్లు కూడా క్రాంకును చేతిలోకి తీసుకొని చూశారు.

అల్యూమినియంది హాట్ ఎయిర్ గన్నుతో వేడి చేసి తిప్పాం. వచ్చింది, కానీ బయటి వైపు మరలు కొన్ని ఇరుసుతో పాటే వచ్చేశాయి. లోపలి వైపు సగానికి పైగా బాగానే కనిపిస్తున్నాయి. ఈ క్రాంకు మళ్లీ వాడవచ్చా?

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 10:05

చాలా సంతోషం, సుధ గారూ. ఓపికగా చేశారు.

లోపలి వైపు మరలు బాగుంటే ఆశ ఉంది. 9/16 అంగుళం, 20 మరల ఎడమ ట్యాపు, అంటే రంధ్రంలో మర కోసే పనిముట్టు, కావాలి. దాన్ని బయటి నుంచి దింపవద్దు. అక్కడ మర చెడిపోయి ఉంది కనుక ట్యాపు వంకరగా పట్టుకుంటుంది. లోపలి ముఖం నుంచి, బాగున్న మరలలోకి ఎక్కించి బయటికి తీసుకురండి. ఎడమ మర ఏ వైపు నుంచి చూసినా ఎడమ మరే, కాబట్టి లోపలి నుంచి కూడా ఎడమ ట్యాపే. నూనె వేస్తూ, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లండి.

తరువాత కొత్త పెడలును చేత్తో ఎక్కించి చూడండి. చివరిదాకా ఆట లేకుండా వెళ్లి, బిగించినప్పుడు గట్టిగా నిలిస్తే వాడవచ్చు. ఊగితే రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల ఉక్కు బుష్షు (గొట్టం లాంటి తొడుగు) వేసి, దానికి కొత్త మర కోయాలి. ఆ పని లేత్ షాపులోనే చేయించండి. కన్ను దగ్గర ఎక్కడైనా సన్నటి పగులు కనిపిస్తే మాత్రం నిర్మొహమాటంగా పక్కన పెట్టేయండి. క్రాంకు మీద నాకెంత ప్రేమ ఉన్నా పగిలినదాన్ని తొక్కమని చెప్పను.

వాణి, అడయార్ · 10:30

కొత్త పెడలు ఎక్కించే ముందు రంధ్రాన్ని మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి, ఉప్పు మిగలకూడదు. తరువాత మరల నిండా గ్రీజు పెట్టండి. అల్యూమినియం క్రాంకుకైతే యాంటీ సీజ్ అని అమ్మే పేస్టు ఇంకా మేలు. రెండు లోహాల మధ్య నీరు చేరకపోతే ఆ బ్యాటరీయే ఉండదు. పెడలుకూ క్రాంకుకూ మధ్య సన్నటి ఉక్కు వాషరు వేస్తే ఇరుసు అంచు అల్యూమినియంలోకి దిగదు. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా పెడళ్లు విప్పి గ్రీజు మార్చడం మంచిది.

ప్రసాద్, తాంబరం · శుక్రవారం, ఉదయం 7:20

మేస్త్రి గారూ, మా నాన్నగారి సైకిలు ఎడమ పెడలు ఒకటి పైపుకు కూడా లొంగకుండా ఉంది, దాన్ని ఈ వారం వైసులో పెడతాను. ఎడమ ట్యాపు ఎక్కడ దొరుకుతుంది? మా వైపు దుకాణాల్లో కుడిదే ఇస్తున్నారు.

లేత్ మేస్త్రి, అంబత్తూరు · 8:00

ప్యారీస్ కార్నర్ వెనక వీధుల్లో పనిముట్ల దుకాణాల్లో అడగండి. పెడలు ట్యాపు అంటే కుడి, ఎడమ జతగా చూపిస్తారు. ఒక్క ఎడమది కొనేకన్నా జత కొనుక్కోవడం మంచిది. పాత పెడలు ఒకటి చేత్తో పట్టుకెళ్లి, ట్యాపు మరల పక్కన ఆనించి చూడండి. మరలు ఒకదానిలో ఒకటి కూర్చోవాలి, రెండింటి వాలూ ఒకే వైపు ఉండాలి.

సుధ గారూ, రోడ్‌స్టర్ బిగించేటప్పుడు కాటర్లు రెండూ ఒకే తీరులో కొట్టాలి. ఒక క్రాంకు ముందుకు ఉన్నప్పుడు దాని నట్టు పైకి ఉంటే, రెండోదాన్ని ముందుకు తెచ్చినప్పుడు దాని నట్టూ పైకే ఉండాలి. లేకపోతే క్రాంకులు ఒకే వరసలోకి రావు, తొక్కేటప్పుడు కాళ్లు కుంటుతాయి. కొద్ది దూరం తొక్కాక ఆగి, కాటర్ నట్లనూ పెడళ్లనూ ఇంకోసారి బిగించండి.

సుధ, బీసెంట్ నగర్ · 8:25

అలాగే, మేస్త్రి గారూ. కాటర్లు నిన్ననే తెచ్చాను. ఎడమ ట్యాపు దొరికాక అల్యూమినియం క్రాంకు మరల ఫొటో ఇక్కడే పెడతాను, బుష్షు అవసరమో కాదో చూసి చెప్పండి.